ఎవరూ చదవరనుకున్న రిఫరెన్స్

ఈ మధ్య ఒక పెళ్లి భోజనాల్లో నా పక్కన ఒక పరిశోధక విద్యార్థిని కూర్చుంది. మీరు ఏం ఉద్యోగం చేసేవారు అంకుల్ అని అడిగింది. "భాగహారం చేసేవాణ్ణి అమ్మా" అన్నాను. నవ్వింది. తర్వాత మాటల్లో మాటగా, ఒక పత్రికకు పేపర్ పంపితే, వాళ్ళ పత్రికలోవే ఇంకో ఐదు రిఫరెన్సులు కలిపితే వేసుకుంటామన్నారని చెప్పింది. "తప్పా అంకుల్? అందరూ చేస్తున్నదేగా" అంది. గారెలు చల్లారిపోతున్నాయి, వడ్డించేవాళ్ళు తొందరపెడుతున్నారు. అక్కడ జవాబు చెప్పలేకపోయాను. చెప్పాల్సినంత చెప్పాలంటే నా బండారం బయటపెట్టుకోవాలి. ఆ పనేదో ఇక్కడే చేస్తాను.

మాది ఒక ఇంజనీర్ల సంఘం నడిపే చిన్న పత్రిక. మూడు నెలలకొకసారి వచ్చేది. ఉప్పుగాలికి ఇనుము ఎలా తుప్పుపడుతుంది, దాన్ని ఎలా ఆపాలి అన్నదే దాని గొడవంతా. ఒకపక్క పోర్టు, ఇంకోపక్క స్టీలు ప్లాంటు, మధ్యలో సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో ఆ గొడవకు కొదవేముంటుంది? మద్దిలపాలెంలో బస్సు డిపోకు దగ్గరగా ఒక మేడమీద రెండు గదులు మా ఆఫీసు. లోపలి గదిలో ఎడిటర్ గారు, బయటి గదిలో నేను. ఉత్తరాలు, ప్రూఫులు, ప్రెస్సుకు తిరగడం, పాత సంచికలు భద్రపరచడం అన్నీ నావే.

ఎడిటర్ గారు రిటైరైన ప్రొఫెసర్. పోర్టులో ఉద్యోగం వచ్చిన భర్తతో ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పత్రిక అంతా ఇంగ్లీషులోనే ఉన్నా, ప్రతి పేపరు చివర అరపేజీ తెలుగులో ఉండి తీరాలని ఆవిడ పట్టు. ఆ పేపరులో ఏముంది, షెడ్డులో పనిచేసే మనిషి దానితో ఏం చేసుకోవచ్చు అన్నది అందులో రాయాలి. "ఇనుము మీద చెయ్యి వేసేవాడికి అర్థం కాకపోతే మనం అచ్చేసి ఏం లాభమయ్యా?" అనేవారు. ఆ అరపేజీ రాసే పని నాది. సంఘం పెద్దలు దాన్ని చూసి ముసిముసిగా నవ్వేవారు. రీసెర్చి పత్రికలో తెలుగేమిటని వాళ్ళ ఉద్దేశం.

ఇక భాగహారం సంగతి. లెక్క చాలా సులువు. గడిచిన రెండేళ్లలో మన పత్రికలో ఎన్ని పేపర్లు వచ్చాయో కింద రాయండి. ఆ పేపర్లను ఈ ఏడాది పరిశోధకులు తమ పేపర్లలో ఎన్నిసార్లు రిఫరెన్సుగా చూపించారో పైన రాయండి. భాగించండి. వచ్చినదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. పత్రిక ప్రభావం ఎంతో చెప్పే అంకె. మహా పత్రికలకు అది పదులు దాటుతుంది. మాది సున్నా, చుక్క, మళ్ళీ సున్నా, ఆ తర్వాత ఏదో ఒక అంకె. ఎంత చెట్టుకు అంత గాలి అనుకుని ఊరుకునేవాళ్ళం.

ఊరుకోవడానికి వీల్లేని రోజులు వచ్చాయి. గుర్తింపు జాబితాలో ఉన్న పత్రికల్లో అచ్చయిన పేపర్లకే కాలేజీలు విలువ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ జాబితా తయారుచేసే సంస్థ చూసేది అంకెనే. మాకు పేపర్లు రావడం తగ్గింది. వచ్చినవి కూడా నాలుగు చోట్ల తిరిగి, అలసిపోయి మా దగ్గరకు చేరినవే. ఒక్క ఏడాది చూస్తాం, అంకె పెరక్కపోతే మూసేద్దాం అని సంఘం పెద్దలు తేల్చేశారు. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు ఎడిటర్ గారు టేబుల్ మీద ఉన్న పాత సంచికలన్నీ ఒకసారి సర్ది వెళ్ళారు.

అప్పుడు మొదలుపెట్టాను. మొదట మర్యాదగానే. పేపరు ఒప్పుకున్నామని రాసే ఉత్తరంలో "మా పత్రికలో లోగడ వచ్చిన సంబంధిత పేపర్లను కూడా పరిశీలించగలరు" అని ఒక వాక్యం. రచయితలు తెలివైనవాళ్ళు, వాక్యం వెనక ఉన్నది వాళ్ళకు అర్థమయ్యేది. రెండు అడిగితే నాలుగు కలిపినవాళ్ళు కూడా ఉన్నారు. కలపనివాళ్ళకు నేనే కలిపేవాణ్ణి. ప్రూఫు రచయిత దగ్గర్నుంచి తిరిగొచ్చాక ప్రెస్సుకు వెళ్ళేలోపు రెండు రోజులు వ్యవధి ఉండేది. ఆ రెండు రోజుల్లో పేపరు మధ్యలో ఎక్కడో "ఇది లోగడ వచ్చిన ఫలితాలతో ఏకీభవిస్తోంది" అని ఒక ముక్క, చివర పట్టికలో మా పత్రికదే ఒక రిఫరెన్సు. ఏ పేపరులో ఏది కలిపానో ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. దొంగతనానికి కూడా రిజిస్టరు పెట్టడం గుమస్తా బుద్ధి.

కలిపినవాటిని నేను చదివానా? లేదు. శీర్షికలు చూసేవాణ్ణి, ఒకటీ అరా మాటలు కలిస్తే చాలనుకునేవాణ్ణి. రిఫరెన్సుల పట్టిక ఎవరు చదువుతారు? రైల్వే టిక్కెట్టు వెనక ఉన్న నియమాలను ఎవరైనా చదివారా? అదీ నా ధీమా.

అంకె పెరిగింది. చుక్క తర్వాత సున్నా పోయింది. పత్రిక జాబితాలోకి ఎక్కింది. సంఘం పెద్దలు నాకు శాలువా కప్పారు. ఎడిటర్ గారు ఊరినుంచి పూతరేకులు తెప్పించారు. మెయిల్ తెరిస్తే పేపర్లే పేపర్లు. నాకు కాలు నేలమీద నిలవలేదు.

ఆ ఊపులో ఉండగా వచ్చింది ఆ పేపరు. సబ్బవరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో పనిచేసే లెక్చరర్ పంపారు. ముప్పై దాటి రెండుమూడేళ్లుంటాయి ఆమెకు. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే చేస్తున్నారు. జాబితాలో ఉన్న పత్రికలో ఒక్క పేపరు ఉంటే పర్మనెంటు చేస్తామని కాలేజీ చెప్పింది. కానీ ఆ పేపరు ఉద్యోగం కోసం వండినది కాదు. సెలవు రోజుల్లో ఫిషింగు హార్బరుకు వెళ్లి, బోట్లకు ఇనుప రేకుల ముక్కలు కట్టి, వాటి మీద వేసిన రంగు ఎన్నాళ్లు నిలుస్తోందో మూడేళ్లు చూశారు. బోటువాళ్ళు "రేకుల మేడమ్" అని పేరు పెట్టారట. తేలినదేమిటంటే, తుప్పు గీకాక మంచినీళ్లతో ఉప్పు కడిగి, ఒక రోజంతా ఆరబెట్టి, ఆ తర్వాతే రంగు కింద పూతగా ప్రైమరు వెయ్యాలి. తడి మిగిలితే ఎంత ఖరీదైన ప్రైమరైనా నిలవదు. ఇందులో కొత్తేముంది అని నేననుకున్నాను. ఎడిటర్ గారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అందరికీ తెలుసు అనుకునేదాన్ని రుజువు చెయ్యడానికి మూడేళ్లు ఎండలో నిలబడిందయ్యా ఈ పిల్ల. ఇలాంటివాళ్ళు నలుగురుంటే నాకు చాలు" అన్నారు.

ప్రూఫు తిరిగొచ్చింది. అందులో ఇరవై మూడు రిఫరెన్సులున్నాయి, మా పత్రికది ఒక్కటీ లేదు. నేను ఇరవై నాలుగోది కలిపాను. అంతకు ఏడాది ముందు మా దగ్గరే వచ్చిన పేపరు, తడి మీద కూడా పట్టే ఒక ప్రైమరు గురించి. రెండు శీర్షికల్లోనూ ఇనుము ఉంది, ప్రైమరు ఉంది. పోలిక అంతవరకే. ఆ పాత పేపరులోని పరీక్షలు ప్రయోగశాలలో, మంచినీళ్ళలో చేసినవి. అది నేను చూడలేదు. చాలదన్నట్టు తెలుగు అరపేజీలో కూడా "లోగడ మన పత్రికలో వచ్చిన పేపరు కూడా ఇదే చెబుతోంది, మరిన్ని వివరాలకు ఆ సంచిక చూడండి" అని రాశాను. ఇదే చెప్పడం కాదు, అది సరిగ్గా దీనికి ఎదురు చెప్పింది.

సంచిక మార్చిలో వచ్చింది. ఏప్రిల్‌లో ఒక రోజు ఒక మనిషి మెట్లెక్కి వచ్చాడు. నలభై దాటినవాడు, చొక్కా జేబులో టెస్టరు, చేతిలో మా తెలుగు పేజీ జిరాక్సు. వాళ్ళది ఇక్కడి పాత నగరం. తాత తాళాలు, తలుపు బందులు చేసేవాడట. ఇతనికి ఆటోనగర్‌లో షెడ్డు ఉంది, బోట్ల మీద వలలు లాగే వించీలు బాగుచేస్తాడు. చేపల వేట నిషేధం మొదలై బోట్లన్నీ ఒడ్డున ఉండే రోజులు కాబట్టి పని ఎక్కువగా ఉంది.

"సార్, ఇందులో పాత బుక్కు సూడమని రాసారు కదా. అది గావాల" అన్నాడు.

నా ఆనందం చెప్పనలవి కాదు. కుర్చీ వేశాను, టీ తెప్పించాను, పాత సంచిక తీసి ఇచ్చాను. ఎందుకని అడగలేదు. మా తెలుగు పేజీ షెడ్లదాకా వెళ్ళిందని లోపలికి వెళ్ళి ఎడిటర్ గారికి గొప్పగా చెప్పాను. మా అంకెలు లెక్కపెట్టినన్నాళ్లూ ఒక రిఫరెన్సు పట్టుకుని పాత సంచిక కోసం వచ్చిన మనిషిని నేను చూడనేలేదు. అతనే మొదటివాడు. నేను లెక్కపెట్టినదాన్ని అతను చదివాడు.

మే నెలాఖరులో మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక్కడే రాలేదు, వెంట లెక్చరర్ కూడా ఉన్నారు. అతని చేతిలో పాలిథీన్ సంచి. దాన్ని నా టేబుల్ మీద బోర్లించాడు. ఎర్రటి పెచ్చులు. ఒక్కొక్కటి అరచేయంత ఉంది.

"నాను సదివింది ఐటీఐ, సార్. బుక్కులో ఉన్నది నమ్మడం తప్ప నాకేటి తెలుసు? ఈ అమ్మగారి పేపర్లో ఆరబెట్టమని ఉంది. మీరిచ్చిన పాత బుక్కులో తడి మీదే ఎయ్యొచ్చని ఉంది. రెండూ ఒకటే సెప్తన్నాయని మీ పేజీలో ఉంది. ఒక రోజు కలిసొచ్చిందని వించీకి తడి మీదే ఏసీసినాను. ఇరవై రోజులకి అప్పడం పొంగినట్టు పొంగి ఊడిపోనాది. బోటింకా నీట్లోకి దిగనేదు. మా బోటు ఓనరు నలుగుర్లో నన్నడిగినాడు సార్, పని వచ్చా రాదా అని."

అతను ఆ పెచ్చులు పట్టుకుని బండి మీద సబ్బవరం వెళ్ళి, కాలేజీ వెతికి, రాసిన మనిషినే అడిగాడు. ఆమె అప్పుడు తన పేపరు తీసి చూసుకున్నారు.

ఇప్పుడు ఆ పేపరు నా ముందు పెట్టి ఇరవై నాలుగో రిఫరెన్సు మీద వేలు పెట్టారు. "సర్, ఇది నేను రాయలేదు."

దొంగకు తేలు కుట్టినట్టయింది. "కంపోజింగులో ఎక్కడో పడిపోయుంటుందమ్మా" అన్నాను.

"పడిపోవడానికి అదేమన్నా చింతకాయా?" లోపలి గది గుమ్మంలో ఎడిటర్ గారు. ఎంతసేపట్నుంచి నిలబడ్డారో తెలియదు.

లెక్చరర్ గారు ఆవిడకు నమస్కారం పెట్టి, "నాదీ తప్పుంది మేడమ్. అచ్చయ్యాక నా పేరు చూసుకుని ఫైల్లో పెట్టేశాను. మళ్ళీ చదవలేదు" అన్నారు. వచ్చింది నిలదీయడానికి, మొదట చెప్పింది తన తప్పు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. సొరుగు తీసి నోటుబుక్కు ఎడిటర్ గారి చేతిలో పెట్టాను.

ఆవిడ పావుగంట చదివారు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అంతకు ముందెప్పుడో మెచ్చుకున్న మనిషి. ఆఖరి పేజీ దాకా చదివి మూసి, "తిలాపాపం తలా పిడికెడు. అంకె ఎందుకు పెరిగిందని నేను ఒక్కరోజు అడగలేదు. పూతరేకులు తెప్పించాను" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈ జిరాక్సు ఇంకెవరి దగ్గరైనా ఉందా?" అని లెక్చరర్ మెకానిక్‌ని అడిగారు.

"నాకు తప్పు తెలీకముందు మా లైన్లో అందరికీ ఇచ్చీసినాను అమ్మా. మంచిదని సెప్పి మరీ ఇచ్చినాను. హార్బరు కాడికి కూడా ఎల్లింది. పది షెడ్లవాళ్ళకి నాను సెప్పుకోగలను. మిగతావోళ్ళెవరో నాకేటి తెలుసు? నిషేధం అయిపోడానికి మూడు వారాలు నేదు. అందరూ ఇప్పుడే రంగులేత్తన్నారు."

చెయ్యాల్సిందేమిటో అందరికీ తెలుసు. ఒక కాగితం తెలుగులో కొట్టించి షెడ్లకూ హార్బరుకూ అంటించాలి. పత్రికలో దిద్దుబాటు వెయ్యాలి. వేస్తే, నేను కలిపినవన్నీ బయటపడతాయి. జాబితా సంస్థ మమ్మల్ని తీసేస్తుంది. జాబితా పోతే ఆమె పేపరుకు విలువ పోతుంది. ఇంటర్వ్యూకు పన్నెండు రోజులుంది.

భయమేస్తే నాకు ఇంటి భాష వచ్చేస్తుంది. "అమ్మా, నా మాట ఇనండి. షెడ్లకి ఈ పూటే కాయితం అంటించీద్దాం, నానే ఎల్తాను. బోట్లకి ఏటీ కాదు. బుక్కులో దిద్దుబాటు మాత్రం మీ ఇంటర్వ్యూ అయినాక ఏద్దాం. పన్నెండు రోజులే. ఎవులికీ నష్టం నేదు" అన్నాను. అది నా ప్రాణం కాపాడుకోవడానికి అన్న మాట కాదు. ఆమె ఉద్యోగం నా చేతుల మీదుగా పోతుందని నిజంగానే భయపడ్డాను.

ఆమె వెంటనే కాదనలేదు. వెంటనే కాదని ఉంటే నాకు ఇంత గౌరవం ఉండేది కాదేమో. లేచి వరండాలోకి వెళ్లారు. డిపోలోంచి బస్సులు బయటికొస్తుంటే చూస్తూ నిలబడ్డారు. మేం ముగ్గురం లోపల, పెచ్చుల చుట్టూ. మెకానిక్ నెమ్మదిగా వాటిని మళ్ళీ సంచిలోకి ఎత్తుకుంటున్నాడు.

తిరిగొచ్చి కూర్చున్నారు. "ఆరేళ్లయింది సర్ నేను చేరి. ప్రతి జూన్‌లోనూ ఉంచుతారా తీసేస్తారా అని చూసుకోవడమే. పన్నెండు రోజులు ఆగితే అయిపోతుందని నాకూ తెలుసు. కానీ ఇంటర్వ్యూలో ఇదే పేపర్ ముందు పెట్టి, ఇది మీదేనా అని అడుగుతారు. ఇరవై మూడు వరకు నాది, ఇరవై నాలుగు నాది కాదు అని మనసులో అనుకుంటూ, అవునండీ అని పైకి చెప్పాలి. అది నావల్ల కాదు. వేసెయ్యండి. ఇవాళే."

మెకానిక్ కంగారుపడిపోయాడు. "అమ్మా, నా పనికేటి, మల్లీ గీకీసి మల్లీ ఏత్తాను. అదేటి పెద్ద పని కాదు. నా మూలాన మీ ఉజ్జోగం పోగొట్టుకోకండి."

"మీ ఇనుము మీరు గీకుతారండీ. నా పేరు మీద పట్టిందాన్ని ఎవరు గీకుతారు?" అన్నారామె.

ఎడిటర్ గారు నన్ను కాగితం తీసుకోమన్నారు. దిద్దుబాటు ఆవిడ చెబుతుంటే నేను రాశాను. కలిపినవన్నీ, ఏ పేపరులో ఏది అన్నదీ, రచయితలకు తెలియకుండా కలిపినవేవో అన్నదీ, నోటుబుక్కులో ఉన్నట్టే. సంస్థకు ఉత్తరం కూడా అప్పుడే. కింద ఆవిడ తన పేరు పెట్టబోతుంటే, "చేసింది నేను మేడమ్, నా పేరు ఉండాలి" అన్నాను. ఆవిడ నా వంక చూసి, "పెట్టు. దాని కింద నాదీ ఉంటుంది. తప్పు జరిగిన ఇల్లు నాది" అన్నారు. అన్నేళ్ల ఉద్యోగంలో మా పత్రికలో నా పేరుతో అచ్చయినది ఆ ఒక్క పేజీయే.

సాయంత్రానికి కాగితాలు తయారయ్యాయి. "తడి మీద ప్రైమరు వేయకండి, మేము రాసింది తప్పు" అని పెద్ద అక్షరాల్లో. మైదా పిండి ఉడికించిన డబ్బా ఒళ్ళో పెట్టుకుని మెకానిక్ బండి వెనక కూర్చున్నాను. ఆటోనగర్‌లో నాలుగో షెడ్డు దగ్గర ఒకతను, వేసిన రంగు గీకాల్సి వస్తుందన్న మంటలో, "రాసీది మీరే, మల్లీ తప్పని అంటించీది మీరే! ఏటి బావా ఈ పని?" అని మెకానిక్ మీద ఎగిరాడు.

మెకానిక్ నన్ను చూపించి, "రాసినోడే వచ్చి అంటిత్తన్నాడు బావా. నీకు ఎప్పుడైనా ఎవుడైనా అలాగొచ్చి సెప్పినాడా?" అన్నాడు.

అతను డబ్బాలో చెయ్యి పెట్టి పిండి తీసుకుని, కాగితం రెండో కొస తనే అంటించాడు. మర్నాడు హార్బరులోనూ తిరిగాం. ఎన్ని బోట్లకు రంగు మళ్ళీ వేశారో నేను లెక్కపెట్టలేదు. మా దగ్గర దానికి భాగహారం లేదు.

వారం తిరక్కుండానే సంస్థ జవాబు ఇచ్చింది. మమ్మల్ని తీసేశారు. కలిపినవన్నీ కొట్టేసి లెక్కవేస్తే వచ్చిన అంకె మేం మొదలుపెట్టినప్పటి కన్నా తక్కువ. సంఘం పెద్దలు నన్ను పంపించెయ్యాలని కూర్చున్నారు. వీడు పోతే నేనూ పోతానని ఎడిటర్ గారు అన్నారట. నన్ను ఒక హెచ్చరికతో ఉంచారు. పత్రికను ఎందుకో మూయలేదు. బహుశా మూసే తీర్మానం రాయడానికి కూడా ఎవరికీ మొహం చెల్లలేదు.

ఇంటర్వ్యూ రోజున నేను సబ్బవరం వెళ్ళాను. తప్పు నాది, ఆమెది కాదు అని బోర్డుకు చెబుదామని ఒక కాగితం రాసి పట్టుకెళ్ళాను. లోపలికి వెళ్ళనివ్వలేదు. "ఎవరి తప్పన్నది మాకెందుకండీ, పత్రిక జాబితాలో ఉందా లేదా?" అన్నాడు ఆఫీసు సూపరింటెండెంటు. అంకెతో మాట్లాడటం నేనూ నేర్చుకున్న భాషే కదా. గేటు దగ్గర చెట్టు కింద నిలబడ్డాను. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె బయటికొచ్చారు.

"రాలేదు సర్. పేపర్ గురించి వాళ్ళు అడగకముందే నేనే చెప్పేశాను. ఇంకో ఏడాది కాంట్రాక్టు ఇచ్చారు." నా చేతిలో కాగితం చూసి తీసుకుని చదివారు. మడిచి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. "ఎండలో నిలబడకండి, రండి" అని ఎదురుగా ఉన్న హోటల్లో టీ ఇప్పించారు. టీ తాగుతూ చెప్పారు, ఆ మెకానిక్ షెడ్డులో తడి మీదా ఆరబెట్టీ రెండు రకాలుగా వేసి చూద్దామనుకుంటున్నారని, పేపరు రాస్తే అతని పేరు కూడా ఉంటుందని.

"ఈసారి మంచి పత్రికకు పంపండమ్మా" అన్నాను.

"మీకే పంపుతాను. కానీ ప్రెస్సుకు వెళ్ళే రోజు నేనొచ్చి మీ పక్కన కూర్చుంటాను."

జాబితాలో లేని పత్రికకు, తన ఉద్యోగానికి ఎందుకూ పనికిరాదని తెలిసి పంపిన పేపరది. పర్మనెంటు అవడానికి ఆమెకు ఇంకా మూడేళ్లు పట్టింది, వేరే పేపర్లతో. మా పత్రిక జాబితాలోకి మళ్ళీ ఎక్కకముందే నేను రిటైరయ్యాను. గొప్ప శాస్త్రవేత్తల ఉపన్యాసాలకు కుర్చీలు వేశాను, వాళ్ళ ఫొటోలు అచ్చువేశాను. ఇంత గట్టి మనిషిని మాత్రం మళ్ళీ చూడలేదు.

పేపరు మరుసటి ఏడాది వర్షాకాలంలో వచ్చింది. రచయితలు ఇద్దరు, రెండో పేరు మెకానిక్‌ది. రిఫరెన్సులు పందొమ్మిది. ఒక్కొక్కటి తెప్పించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, నెలన్నర చదివాను. తెలుగు అరపేజీ ఆ తర్వాత రాశాను. ప్రెస్సుకు వెళ్ళే రోజు ఆమె అన్నట్టే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ప్రూఫు ఆఖరి పేజీ తీసి మొదటి రిఫరెన్సు మీద వేలు పెట్టి, "చదివారా సర్?" అన్నారు. చదివానమ్మా అన్నాను. "ఏముంది?" చెప్పాను. రెండోది. మూడోది. ఎడిటర్ గారు లోపల్నుంచి దగ్గి నవ్వు దాచుకుంటున్నారు. నేను పరీక్షలో కూర్చున్నట్టు చెమటలు తుడుచుకుంటూ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాను. పందొమ్మిదో దాని మీద వేలు ఆగింది.

"చదివాను. కానీ సగమే అర్థమైంది" అన్నాను.

ఆమె కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకుని, నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, మిగతా సగం చెప్పడం మొదలుపెట్టారు.